బెల్జియం చిన్న ఊళ్లో బయట తినడం: ఆకలేసినప్పుడు మాత్రం రెస్టారెంటుకి పోకండి

మీరు అడిగింది ఇదీ: "కంపెనీ పని మీద ఏడాది పాటు బెల్జియంలో ఒక చిన్న ఊళ్లో ఉండాలి. అక్కడ బయట తినడం ఎలా ఉంటుంది? ఖర్చెంత? బీఫ్ తినని వాళ్లకి ఇబ్బందా?"

నేనుండేది ఈపర్. ఫ్రాన్స్ సరిహద్దుకి దగ్గర్లో, పశ్చిమ ఫ్లాండర్స్‌లో (ఫ్లాండర్స్ అంటే బెల్జియంలో డచ్ మాట్లాడే ప్రాంతం), సుమారు 35 వేల జనాభా ఉన్న ఊరు. మాది సిరిసిల్ల. మరమగ్గాల చప్పుడులో పుట్టి పెరిగి, చివరికి మగ్గాలు తయారు చేసే ఊరికే ఉద్యోగానికి వచ్చి పడ్డాను. ఈ ఊరు కూడా ఒకప్పుడు బట్టతోనే బతికింది. ఇంగ్లండ్ నుంచి ఉన్ని తెప్పించి నేసి అమ్మేవాళ్లు. ఆ డబ్బుతో కట్టిన బట్టల మార్కెట్ భవనం మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైతే, మళ్లీ రాయి మీద రాయి పేర్చి అచ్చం పాతదానిలాగే కట్టుకున్నారు. ఆ పని 1967 దాకా సాగింది. తొందర లేని మనుషులు. ఈ సంగతి గుర్తుంచుకుంటే రెస్టారెంట్ల తీరు సగం అర్థమైపోతుంది.

నేరుగా చెప్తాను. తిండి బాగుంటుంది, ఖర్చు ఎక్కువ, బీఫ్ తినకపోయినా బతకొచ్చు. అసలు ఇబ్బంది టైముతో. ఇక్కడ రెస్టారెంటు కూర్చోవడానికి పెట్టింది. ఆకలి తీర్చుకునే చోటు వేరే ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా. వంటగది టైములు ఇవీ. మూడు గంటలకి వెళ్తే తలుపులు తెరిచే ఉంటాయి, లోపల జనం బీరు తాగుతూ కబుర్లాడుకుంటూ ఉంటారు, మీకు మాత్రం "కిచెన్ మూసేశాం" అని చెప్తారు. పెద్ద చౌరస్తాలో ఒకటి రెండు చోట్ల రోజంతా పొయ్యి వెలుగుతుంది కానీ, ఊరివాళ్లు వాటి వైపు పెద్దగా పోరు. దీనికి తోడు వారపు సెలవు. చాలామంది సోమవారమో మంగళవారమో మూసేస్తారు, కొందరు రెండు రోజులూ. ఏడాదికోసారి రెండు మూడు వారాలు తలుపుకి కాగితం అంటించి ఇంటిల్లిపాదీ సెలవుకి వెళ్లిపోతారు. గిరాకీ పోతుందనే టెన్షన్ ఎవరికీ ఉండదు.

మా అమ్మా బాపూ సిరిసిల్ల నుంచి వచ్చినప్పుడు సరిగ్గా సోమవారమే ఊళ్లోకి తీసుకెళ్లాల్సి వచ్చింది, నాకు సెలవు దొరికింది ఆ రోజే. సోమవారం అమ్మకి ఒక్కపొద్దు. వేములవాడ రాజన్న పేరు మీద పొద్దంతా ఏమీ తినదు, రాత్రికి నీచు లేకుండా తింటుంది. గుడ్డు కూడా ముట్టదు. బాపుకి అలాంటివేం లేవు, గొడ్డుమాంసం తప్ప అన్నీ తింటాడు.

ఇక్కడ మెనిన్ గేట్ అని పెద్ద రాతి కమాను ఉంది. యుద్ధంలో చనిపోయి శవాలు కూడా దొరకని 54 వేల మందికి పైగా సైనికుల పేర్లు దాని గోడల మీద చెక్కారు. వాటిలో మనవాళ్ల పేర్లూ ఉన్నాయి. 1914 అక్టోబరులోనే బ్రిటిష్ వాళ్లు మన సైనికుల్ని ఈ బురదలోకి దింపారు. వాళ్ల జ్ఞాపకార్థం రోజూ రాత్రి 8కి ట్రాఫిక్ ఆపి బ్యూగిల్ (మిలిటరీ బాకా) ఊదుతారు, 1928లో మొదలైన ఆనవాయితీ. బాపు మెడ పైకెత్తి సింగుల పేర్లూ ఖానుల పేర్లూ ఒక్కొక్కటే కూడబలుక్కుని చదువుతుంటే నేను వాచీ చూసుకుంటున్నాను. ఎందుకంటే ఊళ్లో భోజనాలన్నీ ఈ బ్యూగిల్ చుట్టూ తిరుగుతాయి. ఇంగ్లండ్ నుంచి బస్సుల్లో వచ్చే స్కూలు పిల్లలు, వాళ్ల టీచర్లు, ముసలి దంపతులు అందరూ అయితే ఆరింటికే తినేసి వస్తారు, లేదంటే బ్యూగిల్ అయిపోగానే ఒక్కసారిగా చౌరస్తా మీద పడతారు. తొమ్మిదింటికి వంటగది మూత. మధ్యలో ఉన్నది అర గంట పైచిలుకు.

మొదటి రెస్టారెంటు సెలవు. రెండోది నిండిపోయింది. మూడో దాంట్లో అరవై ఏళ్ల ఆవిడ, చేతిలో మూడు ప్లేట్లు పట్టుకుని, గోడ గడియారం వైపు చూసి, తర్వాత మా అమ్మ చీర వైపు చూసి, "త్వరగా చెప్తే చేస్తారు, కూర్చోండి" అంది.

అప్పుడు మొదలైంది అసలు సినిమా. టొమాటో సూప్ ఉంది, అమ్మకి సరిపోతుందనుకున్నాను. అందులో చిన్న చిన్న మాంసం ఉండలు వేస్తారట. విట్లోఫ్ అనే చేదు ఆకు గడ్డ ఉంది, కానీ దాన్ని పంది మాంసంలో చుట్టి పైన చీజ్ కరిగిస్తారు. చీజ్ క్రోకెట్ (బ్రెడ్ పొడి అద్ది నూనెలో వేయించినది) ఉంది, కానీ రొయ్యల క్రోకెట్ వేగేది అదే నూనెలో. బాపుకి వోలోవాన్ చెప్పబోయాను. పొరల రొట్టె గిన్నెలో తెల్లటి సాస్, కోడి ముక్కలు, బాగుంటుంది. ఆవిడే ఆపింది. "కోడితో పాటు కీమా ఉండలు కూడా ఉంటాయి, అది కలగలుపు మాంసం, మీకు పనికొస్తుందా?" అని అడిగింది. బీరులో గంటల తరబడి ఉడికించే స్టోఫ్‌వ్లేస్ ఈ ప్రాంతానికి పెద్ద పేరు, అది పూర్తిగా బీఫే. కుందేలూ ఎండు ప్లమ్ పళ్లూ కలిపి వండినది ఉంది. బాపు "కుందేలు వద్దు" అన్నాడు. కారణం చెప్పలేదు.

నేను చివరికి అడగాల్సింది అడిగాను. "ఫ్రైస్ వేయించేది నూనెలోనా, ఎద్దు కొవ్వులోనా?"

ఇది మీరు నోట్ చేసుకోండి. బెల్జియంలో బంగాళాదుంప ఫ్రైస్‌ని సంప్రదాయంగా వేయించేది ఎద్దు కొవ్వులో. ఇప్పుడు చాలా చోట్ల నూనె వాడుతున్నారు కానీ, కొవ్వుతోనే రుచి అని పట్టుబట్టే వాళ్లు ఇంకా బోలెడు మంది. "వెజిటేరియన్ కదా, ఫ్రైస్ తినేస్తా" అని ధీమాగా ఉండే మన పిల్లలకి ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఒసెవిట్ అంటే ఎద్దు కొవ్వు. ఆ మాట బోర్డు మీద కనబడినా, ఎవరైనా చెప్పినా అక్కడ ఆగండి.

ఆవిడ మారు మాట్లాడకుండా లోపలికి వెళ్లి, నూనె డబ్బా మూతతో సహా తెచ్చి టేబుల్ మీద పెట్టింది. పొద్దుతిరుగుడు నూనె, లేబుల్ మీద పువ్వు బొమ్మ. అమ్మకి భాష రాకపోయినా బొమ్మ అర్థమై తల ఊపింది. వెనకే వంటాయన ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ వచ్చి, అమ్మని చూసి, వేళ్లతో ఏవేవో లెక్కపెట్టి వెళ్లిపోయాడు. పావుగంటలో ప్లేటు వచ్చింది. వెన్నా జాజికాయా వేసి మెదిపిన బంగాళాదుంప, ఉడికించిన బీన్స్, క్యారెట్, వెన్నలో మెల్లగా మగ్గబెట్టిన విట్లోఫ్. మెనూలో లేని ప్లేటు అది. అమ్మ ముందు విట్లోఫే తిన్నది. చేదు తెలిసిన నాలుక. "ఇంకొంచెం ఉప్పు పడాలె" అని మాత్రం అన్నది.

బాపుకి సగం కోడి వచ్చింది, ఓవెన్‌లో కాల్చింది, తోలు ఎర్రగా. పక్కన చిన్న గిన్నెలో పసుపుపచ్చటి మెత్తటి ముద్ద. యాపిల్స్‌ని ఉడికించి మెదుపుతారు, కోడికి జోడీ అది.

"కోడి పక్కన తీపేందిరా?" అన్నాడు బాపు. వేలితో నాకి చూశాడు. తర్వాత ఫ్రైస్‌ని అందులో ముంచడం మొదలుపెట్టాడు. గిన్నె ఖాళీ అయ్యాక దాన్ని పైకెత్తి ఆవిడకి చూపించాడు, మన దగ్గర సాంబారు అడిగినట్టు. ఆవిడ నవ్వి ఇంకో గిన్నె తెచ్చింది, డబ్బులు వేయలేదు.

నీళ్లకి మాత్రం వేసింది. పక్క టేబుల్ కింద ఒక పెద్ద కుక్క పడుకుని ఉంది. ఇక్కడ రెస్టారెంట్లలోకి కుక్కల్ని తేవడం మామూలే. ఆవిడ వచ్చి దాని ముందు స్టీలు గిన్నెలో కుళాయి నీళ్లు పెట్టింది. బాపు తన గాజు సీసా వైపు చూశాడు, బిల్లులో దాని ధర ఎంతో నన్ను అడిగాడు. చెప్పాను.

"కుక్కకు ఉత్తగ, మనకు పైసలా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. బెల్జియంలో రెస్టారెంటు వాళ్లు కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలన్న రూలు లేదు. ఇక్కణ్ణుంచి 30 కిలోమీటర్లు పోతే సరిహద్దు అవతల లీల్, ఫ్రాన్స్. అక్కడ భోజనంతో పాటు జగ్గుడు నీళ్లు ఉచితంగా ఇవ్వాలని చట్టమే ఉంది. నీళ్లూ అవే, వానా అదే. ఈ ఒక్క విషయంలో బెల్జియం వాళ్లని నేను క్షమించను. పావు లీటరు నీళ్లూ పావు లీటరు బీరూ ఇంచుమించు ఒకే ధరకి వచ్చే దేశంలో జనం ఏం తాగుతారో వేరే చెప్పాలా?

తినడం అయ్యాక బిల్లు రాలేదు. రాదు కూడా, మనం అడిగితేనే తెస్తారు. బాపు కాసేపటికోసారి "లేద్దామా, ఎవరన్న నిలబడ్డరా" అని వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. మన దగ్గర ఆదివారం బిర్యానీ హోటల్లో చేయి కడుక్కునేలోపే ఒక కుటుంబం మన కుర్చీల వెనక నిలబడి, మన ప్లేటులో ముక్కలు లెక్కపెడుతూ ఉంటుంది కదా, ఆ అలవాటు. ఇక్కడ మీరు కూర్చున్న టేబుల్ దాదాపు ఆ పూటంతా మీదే. అందుకే శుక్ర, శనివారాలు ముందే ఫోన్ చేసి చెప్పకపోతే ఖాళీ కుర్చీలు కళ్ల ముందే కనబడుతున్నా కూర్చోనివ్వరు.

"కస్టమర్ అంటే లెక్కలేదు వీళ్లకి" అని బ్రస్సెల్స్‌లో ఉండే మనవాళ్లు తెగ తిడుతుంటారు. నాకు అది ఒప్పుకోబుద్ధి కాదు. తొమ్మిదింటికి పొయ్యి ఆర్పితేనే వంటాయన పదిన్నరకి ఇంట్లో ఉంటాడు. మన ఊళ్లో రాత్రి పన్నెండింటికి మనకి ఫ్రైడ్ రైస్ కలిపే కుర్రాడు ఎక్కడ పడుకుంటాడో ఎప్పుడైనా అడిగామా? ఇక్కడ జీతాలు ధరల సూచీతో పాటు వాటంతటవే పెరుగుతాయి. 2023 జనవరిలో హోటల్ ఉద్యోగులకి ఒక్కసారే సుమారు 11 శాతం పెరిగాయి. ఆ పెరుగుదల మెనూ కార్డు మీద కూడా కనబడింది, మా ఆఫీసులో నెల రోజులు అదే గోల. ఇప్పుడు మామూలు చోట ఒక మెయిన్ ప్లేటు 20 నుంచి 30 యూరోలు అనుకోండి. తక్కువలో పోవాలంటే వారం మధ్యలో మధ్యాహ్నం పూట "దాగ్‌స్కోటెల్" అని పలక మీద రాసి ఉన్నది తీసుకోండి. ఆ రోజు వండింది ఒక్కటే ఉంటుంది, అడ్డదిడ్డంగా మార్పులు అడక్కండి.

ఇక నిజంగా ఆకలేస్తే వెళ్లాల్సిన చోటు ఫ్రిటూర్. ఫ్రైస్ కొట్టు. ప్రతి ఊళ్లో ఉంటుంది, రెస్టారెంటు మొహం మాడ్చిన టైముల్లో కూడా కొన్ని తెరిచే ఉంటాయి. నాలుగైదు యూరోలకి పొట్లం నిండా ఇస్తారు. ఒకసారి తక్కువ వేడిలో వేయించి, చల్లారనిచ్చి, అడిగాక రెండోసారి బాగా కాగిన నూనెలోనో కొవ్వులోనో వేస్తారు, అందుకే పైన కరకర, లోపల మెత్తన. ఈ ఫ్రైస్ కొట్ల సంస్కృతిని 2014లో ఫ్లాండర్స్ ప్రభుత్వం వారసత్వ సంపదగా గుర్తించింది కూడా. కారం కావాలంటే సమురాయ్ సాస్ అడగండి. ఇక్కడి వాళ్లు దానికే చెవుల్లోంచి పొగలొచ్చినట్టు చేస్తారు, మనకి అది పిల్లల సాస్. మాంసంలో కిప్‌కార్న్ అంటే చికెన్, అది తీసుకోవచ్చు. ఫ్రికాండెల్ అనే పొడుగాటి మాంసం కడ్డీలో ఏమేం ఉంటాయో అడిగి మనసు పాడుచేసుకోవద్దు. మీకు అది వద్దు, అంతే.

అన్నట్టు, హాప్ షూట్స్ గురించి కూడా చెప్పాలి, లేకపోతే నాకు నిద్ర పట్టదు. "కిలో లక్ష రూపాయల కూరగాయ, బిహార్ రైతు పండించాడు" అని 2021లో వాట్సాప్‌లో ఊరేగిందే, అది ఇదే. బీరులో వేసే హాప్స్ మొక్కల లేత మొలకలు. బిహార్‌కి పోయి చూసిన విలేకరులకి అక్కడ ఆ పంటే కనబడలేదు. ఆ మెసేజ్ మాత్రం మా చుట్టాల గ్రూపులో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. నిజంగా తినాలంటే మా పక్క ఊరు పోపరింగకి రండి, మార్చి నెలలో. క్రీమ్ సాస్‌లో ఉడికించి, పైన నీళ్లలో ఉడికిన గుడ్డు పెట్టి ఇస్తారు. ఒక్కో మొలకని మట్టిలోంచి చేత్తో గిల్లి తీయాలి కాబట్టి సీజన్ మొదట్లో కిలో వందల యూరోలు పలుకుతుంది. రుచి? కొంచెం చిరుచేదు, కొంచెం గింజ వాసన. ఒకసారి తినొచ్చు. మన చింతచిగురు ముందు బలాదూర్.

ఇండియన్ రెస్టారెంట్ల మీద ఆశ పెట్టుకోకండి. ఇలాంటి ఊళ్లో ఒకటో రెండో ఉంటాయి, ఏ కూర చెప్పినా అదే క్రీమ్ గ్రేవీ రంగు మార్చుకుని వస్తుంది. టిప్పు తప్పనిసరి కాదు, పన్నూ సర్వీసూ ధరలోనే కలిసి ఉంటాయి. నేనైతే బాగా చూసుకున్న చోట రెండు మూడు యూరోలు పెట్టి వస్తాను. నగదు ఒక్కటే తీసుకుంటారేమో అనే భయం వద్దు, 2022 జులై నుంచి ఏదో ఒక ఎలక్ట్రానిక్ పేమెంట్ ప్రతి వ్యాపారీ తీసుకోవాల్సిందే. వచ్చేటప్పుడు సామానులో మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ ఒకటి పెట్టుకోండి. సోమవారం, మంగళవారం దానితోనే పని.