హైకోర్టు జడ్జి కావాలంటే ఇప్పుడే కోచింగ్ అక్కర్లేదు

ప్రశ్న: మా అమ్మాయి ఐదేళ్ల లా కోర్సు మూడో ఏడాదిలో ఉంది. అమెరికా జడ్జి డేవిడ్ బాజెలాన్ తీర్పులు చదివినప్పటి నుంచి, మానసిక రోగుల హక్కుల మీద పనిచేసే హైకోర్టు జడ్జిని అవుతానంటోంది. సివిల్ జడ్జి కోచింగ్‌లో చేర్పించమంటారా? సైకాలజీ కూడా చదివించాలా? – ఒక తల్లి

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దమ్మా. మీ అమ్మాయి కోరుకున్నది మంచి దారే, కానీ అది కోచింగ్ సెంటర్ మీదుగా వెళ్లదు.

హైకోర్టు జడ్జి పదవికి పరీక్ష లేదు, దరఖాస్తు లేదు. రాజ్యాంగం 217వ అధికరణం ప్రకారం పదేళ్లు హైకోర్టు న్యాయవాదిగానో, పదేళ్లు న్యాయాధికారిగానో పనిచేసి ఉండాలి. ఆ తర్వాత కొలీజియం, అంటే సీనియర్ న్యాయమూర్తుల బృందం, సిఫార్సు చేయాలి. జడ్జి అయ్యాక కూడా ఏ రకం కేసులు వినాలో ప్రధాన న్యాయమూర్తి వేసే రోస్టరే, అంటే కేసుల పంపకాల పట్టికే, నిర్ణయిస్తుంది. మానసిక ఆరోగ్య కేసులకంటూ విడిగా జడ్జి పోస్టు ఏదీ లేదు. బాజెలాన్ సంగతీ అంతే. 1949లో నలభై ఏళ్ల వయసులో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ఆయన్ను వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టుకు నియమించారు. అక్కడి సెయింట్ ఎలిజబెత్స్ మానసిక ఆసుపత్రిలో ఉన్నవాళ్ల కేసులు ఆ కోర్టుకే వచ్చేవి. వచ్చిన కేసును ఆయన తేలిగ్గా వదల్లేదు, అంతే.

జడ్జి కావడానికి రెండు దారులున్నాయి. ఒకటి సర్వీసు, అంటే పరీక్ష రాసి సివిల్ జడ్జిగా చేరడం. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరైంది. న్యాయవాదిగా ఎన్‌రోల్ (నమోదు) అయిన రోజు నుంచి ఆ మూడేళ్లు లెక్క. అందుకే మూడో ఏడాదిలోనే కోచింగ్‌కు డబ్బు కట్టడం దండగ. పైగా కింది నుంచి మెట్లెక్కి హైకోర్టుకు చేరేసరికి సాధారణంగా యాభై దాటుతుంది. హైకోర్టు జడ్జికి రిటైర్మెంట్ 62. రెండోది బార్, అంటే న్యాయవాద వృత్తి. మంచి ప్రాక్టీసు ఉన్న న్యాయవాదులను చాలావరకు నలభైల్లోనే తీసుకుంటారు. చట్టాన్ని ఒక దిశలో నడిపించాలంటే బెంచి మీద ఏళ్లు కావాలి కాబట్టి మీ అమ్మాయి ఆశయానికి బార్ నయమని నా అభిప్రాయం. అలాగని సర్వీసును తక్కువ చేయలేం. ఆసుపత్రిలో చేర్చిన తీరును సమీక్షించే మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు అధ్యక్షత వహించేది జిల్లా జడ్జి స్థాయి వారే, రోగి గోడు ముందుగా వినేదీ వాళ్లే. హైకోర్టు దాకా వెళ్లలేకపోయినా ఆ కుర్చీ చిన్నదేం కాదు.

ఇక అసలు పని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017. మీ అమ్మాయి ముందుగా 89వ సెక్షన్‌ను గట్టిగా పట్టుకోవాలి. మనిషి ఒప్పుకోకపోయినా ఆసుపత్రిలో చేర్చే వీలు దీని కిందే ఉంది. ఇలాంటి ఫైలు చేతికొస్తే కొన్ని విషయాలు వరసగా చూడాలి. నామినేటెడ్ ప్రతినిధి (రోగి తరఫున వ్యవహరించే వ్యక్తి) దరఖాస్తు ఉందా? ఇద్దరు నిపుణులు, అందులో ఒకరు సైకియాట్రిస్టు, చేర్చిన రోజునో అంతకు ముందు ఏడు రోజుల్లోనో విడివిడిగా పరీక్షించారా? తనకు హాని, ఇతరులకు హాని, తనను తాను చూసుకోలేని స్థితి – వీటిలో దేన్ని రాశారు, దానికి ఆధారమేంటి? తనకు ఎలాంటి చికిత్స కావాలో, వద్దో రోగి ముందే రాసిపెట్టిన ముందస్తు ఆదేశం ఉంటే దాన్ని పరిగణనలోకి తీసుకున్నారా? బోర్డుకు ఏడు రోజుల్లో, మహిళ లేదా మైనరైతే మూడు రోజుల్లో తెలియజేశారా? ముప్పై రోజులు దాటితే 90వ సెక్షన్ కింద మళ్లీ పరీక్షలు, బోర్డు అనుమతి జరిగాయా?

ఫైళ్లు దెబ్బతినేది ఎక్కువగా రెండుచోట్ల. ఇద్దరు డాక్టర్ల నోట్సులోనూ ఒకటే వాక్యం ఉంటుంది, అంటే విడిగా పరీక్షించలేదన్నమాట. లేదా చేర్చిన బంధువుకే రోగితో ఆస్తి తగాదానో విడాకుల కేసో ఉంటుంది. బోర్డు నిర్ణయం మీద హైకోర్టుకు అప్పీలు చేసుకోవడానికి 83వ సెక్షన్ ముప్పై రోజులే ఇచ్చింది. ఆ గడువు చాలామందికి తెలియనే తెలియదు.

రోగం పేరు రాసి ఉన్నంత మాత్రాన మనిషికి మతి లేదని తేల్చేయకూడదని ఈ చట్టం 3వ సెక్షన్ చెబుతోంది. విడాకుల కేసుల్లో సుప్రీంకోర్టు 1988లోనే రామ్ నారాయణ్ గుప్తా తీర్పులో ఈ మాట చెప్పింది: స్కిజోఫ్రేనియా అన్న పేరు చాలదు, దాని తీవ్రత ఎంతో చూడాలి.

బాజెలాన్ దగ్గర నేర్చుకోవాల్సిందీ ఇదే. 1954 డర్హామ్ తీర్పులో, నేరం మానసిక వ్యాధి ఫలితమైతే శిక్ష ఉండదన్నారు. డాక్టర్లు ఆ మనిషి జీవితం గురించి జ్యూరీకి వివరంగా చెబుతారని ఆయన ఆశ. జరిగింది వేరు: డాక్టర్లు రోగం పేరు అనే లేబుల్ చెప్పి ఊరుకున్నారు. 1957లో ఒక కేసులో సెయింట్ ఎలిజబెత్స్ ఆసుపత్రి శుక్రవారం మానసిక వ్యాధి కాదన్న లక్షణం సోమవారానికి వ్యాధైపోయింది! 1972లో బ్రానర్ కేసులో డర్హామ్ సూత్రాన్ని పక్కన పెట్టినప్పుడు ఆయనా దానికి ఒప్పుకున్నారు. 1966లో ఇచ్చిన రెండు తీర్పులు మాత్రం ఈ రంగానికి పునాదిగా నిలిచాయి. చికిత్స కోసమని బంధించినవాళ్లకు చికిత్స అందాలన్నది రౌస్ కేసు. అంతకంటే తక్కువ నిర్బంధంతో సాధ్యమా అని ముందు చూడాలన్నది లేక్ కేసు. మన 2017 చట్టంలో కూడా ఈ రెండు ఆలోచనలూ కనిపిస్తాయి.

సైకాలజీ డిగ్రీ అక్కర్లేదు. డాక్టరు రిపోర్టును ప్రశ్నించగలిగితే చాలు: ఎప్పుడు చూశారు, ఎంతసేపు చూశారు, స్వయంగా చూసిందేంటి, బంధువులు చెప్పిందేంటి? ఫోరెన్సిక్ సైకియాట్రీ పాఠ్యపుస్తకం ఒకటి, దాంతోపాటు సుప్రీంకోర్టు తీర్పులు చదవమనండి. మరణశిక్ష పడ్డ ఖైదీకి మానసిక వ్యాధి వస్తే ఏం చేయాలో చెప్పిన శత్రుఘ్న చౌహాన్ (2014), వైకల్యం ఉన్న ఉద్యోగి గురించిన రవీందర్ కుమార్ ధరీవాల్ (2021) ముందు చదవాలి. విశాఖలో చదువుకుంటున్న విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో వచ్చిన తీర్పు కూడా చదవాలి. విద్యాసంస్థలన్నింటికీ అందులో మార్గదర్శకాలు ఉన్నాయి.

కోర్సు అయ్యాక ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125. అంతకు మించి వసూలు చేయకూడదని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది. తర్వాత ఆలిండియా బార్ పరీక్ష. మొదటి మూడు నాలుగేళ్లు ఆదాయం మీద ఆశ పెట్టుకోకండి. జూనియర్లకు నగరాల్లో నెలకు కనీసం 20 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది కానీ అది సూచనే, ఆదేశం కాదు. ఇంటి నుంచి ఆసరా ఉండాలి. చాలామంది పిల్లలు ఈ దశలోనే ప్రాక్టీసు వదిలేస్తారు. మానసిక ఆరోగ్య కేసులతోనే ఇల్లు గడవదు కాబట్టి రిట్లు, కుటుంబ కేసులు, క్రిమినల్ అప్పీళ్లు చేసే సీనియర్ దగ్గర చేరడం మంచిది. ఈ తగాదాలు వచ్చేదీ ఆ కేసుల్లోంచే.

ఈ సెలవుల్లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి ఇంటర్న్‌షిప్ కోసం దరఖాస్తు పెట్టించండి. ఈ చట్టం 27వ సెక్షన్ మానసిక రోగులకు ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఇచ్చింది, అందుకే మానసిక రోగుల న్యాయ సహాయం పనే కావాలని పేరు పెట్టి అడగొచ్చు. కాలేజీ ఇచ్చే లేఖతోపాటు, 89వ సెక్షన్ మీద తాను రాసిన రెండు పేజీల నోట్ కూడా జత చేయమనండి.