నలభై నాలుగేళ్ళకు బ్యాగ్‌పైప్ నేర్చుకోవడం తప్పా?

ప్రశ్న: మేము గ్లాస్గోలో స్థిరపడిన గుంటూరు వాళ్ళం. నా వయసు 44. ఏడాదిగా బ్యాగ్‌పైప్ నేర్చుకుంటున్నాను, ఇంకా ప్రాక్టీస్ చాంటర్ (తిత్తి లేకుండా వేళ్ళ సాధనకు వాడే చిన్న గొట్టం) మీదే ఉన్నాను. నాతో చేరిన పిల్లలు ముందుకు వెళ్ళిపోయారు. ఇక పూర్తి వాద్యం తీసుకోమని గురువుగారు అంటున్నారు. మావారు ‘ఈ వయసులో ఎందుకు, ఫ్లాట్‌లో ఆ మోతేమిటి, అంత డబ్బేమిటి’ అని కోప్పడుతున్నారు. నలుగురూ నవ్వుతారని అత్తగారి బాధ. ఆయనకు చెప్పకుండా నా జీతంతో కొనుక్కోనా, మానేయనా?

జవాబు: మానేయకండి, చెప్పకుండా కొననూ వద్దు.

ముందు, మీరు వెనకబడ్డారన్న దిగులు గురించి చెప్పాలి. మీకే మీ మీద అనుమానం ఉన్నందువల్ల ఇంట్లో వాళ్ళ మాటలు మరింత లోతుగా గుచ్చుకుంటున్నాయి. హైలాండ్ బ్యాగ్‌పైప్‌లో ఉన్నవి తొమ్మిది స్వరాలే అయినా, తిత్తిలోంచి గాలి ఆగకుండా వస్తూనే ఉంటుంది కనుక నాలుకతో స్వరాన్ని ఆపే వీలు లేదు. ఒకే స్వరాన్ని రెండుసార్లు పలికించాలన్నా మధ్యలో వేలితో గ్రేస్ నోట్ అనే ఒక చిన్న క్షణకాలపు స్వరం వేయవలసిందే. డబ్లింగులు, టార్లువాలు అనే గ్రేస్ నోట్ల గుత్తులు వేళ్ళకు పట్టుబడకముందే తిత్తి చంకలో పెట్టుకుంటే, ఊదడం, మోచేత్తో ఒత్తిడి నిలకడగా ఉంచడం, ఆగకుండా ఒకే స్వరం పలికే మూడు డ్రోన్ గొట్టాల శ్రుతి చెదరకుండా చూసుకోవడం అన్నీ ఒక్కసారిగా మీద పడి చేతులు బిగుసుకుపోతాయి. అందుకే చాంటర్ మీద ఏడాది గడవడం ఇందులో మామూలే. పిల్లల వేళ్ళు త్వరగా వంగుతాయన్నది నిజమే గాని, మీకు పాఠం చెప్పిన మనిషే మీరు సిద్ధమయ్యారని అంటున్నప్పుడు, పక్కవారితో పోలికకన్నా ఆ మాటకే విలువ ఇవ్వండి.

మీవారి అభ్యంతరాలలో వయసు మాట నిలవదు. మిగిలిన రెండూ న్యాయమైనవే. ఈ వాద్యం ధ్వని నూరు డెసిబెల్స్ దాటుతుంది. ఉమ్మడి గోడల ఫ్లాట్‌లో అది ఇంటివారికీ పొరుగువారికీ భరించరానిది, వాయించే మీ చెవులకూ మంచిది కాదు. ఇంట్లో చాంటర్ మాత్రమే సాధన చేస్తాననీ, పూర్తి వాద్యం బ్యాండ్ హాలులోనే, చెవులకు రక్షణ పెట్టుకుని వాయిస్తాననీ మీరే ముందుగా చెప్పండి. ఇక డబ్బు: మంచి తయారీదారు వద్ద కొత్త వాద్యం వెయ్యి పౌండ్లు దాటుతుంది. స్కాట్లండ్‌లో ఎన్నో పైప్ బ్యాండ్లు కొత్తవారికి ఉచితంగానో కొద్దిపాటి రుసుముతోనో నేర్పి, వాద్యాన్ని అరువుగా కూడా ఇస్తాయి. ముందు అది అడగండి. మీ జీతం మీద మీకు పూర్తి హక్కు ఉంది. అయినా దాచి కొంటే, ఇంతవరకు లేని మరో నిజమైన ఫిర్యాదును ఆయన చేతికి మీరే అందించినట్లవుతుంది.

మీ ఉత్తరంలో ఒక సంగతి కనబడలేదు: ఈ వాద్యమే ఎందుకు కావాలనిపించిందో మీరు రాయలేదు. బహుశా మీవారికీ చెప్పి ఉండరు. మోత గురించి, ఖర్చు గురించి వాదించుకునే ముందు అది చెప్పండి, నెమ్మదిగా, ఆయన తీరికగా ఉన్న పూట. తర్వాత ఆయన వంతు రానివ్వండి. కోపం వెనుక సాయంత్రాలు మీరు తనకు దొరకడం లేదన్న బాధ ఉంటే, సాధనను పొద్దుటి అరగంటకు మార్చడం కష్టం కాదు.

అత్తగారికి ఇది పరాయి దేశపు వింతగా తోచి ఉండవచ్చు. మన ఆంధ్ర పల్లెల్లోనూ జానపద గాయకుల వెంట శ్రుతి కోసం మేకతోలు తిత్తి ఊదేవారని గుర్తు చేయండి. ఆమె చిన్నతనంలో చూసే ఉండవచ్చు. ఏటా ఆగస్టులో గ్లాస్గో గ్రీన్ మైదానంలో జరిగే ప్రపంచ పైప్ బ్యాండ్ పోటీలకు ఆమెనూ మీవారినీ తీసుకువెళ్ళండి. అక్కడ మీ వయసువారూ, మీకన్నా పెద్దవారూ, ఆడవాళ్ళూ వరసల్లో నిలబడి వాయించడాన్ని వారే చూస్తారు.

అరువు వాద్యంతో ఆరు నెలలు సాధన చేశాక, కొనాలా వద్దా అన్నది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి.