పాఠకుల ప్రశ్న: గైడ్ కుదరదంటున్నారు, ల్యాప్‌టాప్ సెకనులో చేసేసింది

ప్రశ్న: మాది అనంతపురం, ఎంసీఏ చివరి సెమిస్టర్. ఉమ్మడి జిల్లా 63 మండలాల నెలవారీ వర్షపాతం తీసుకుని కె-మీన్స్‌తో (ఒకదానికొకటి దగ్గరగా ఉన్నవాటిని ఒక గ్రూపులో చేర్చే పద్ధతి) మూడు గ్రూపులు చేశాం. ల్యాప్‌టాప్‌కు సెకను కూడా పట్టలేదు. మా గైడ్ మాత్రం "ఇది ఎన్‌పీ-హార్డ్ కదా, కరెక్టు జవాబు మీకెట్లా వచ్చింది?" అంటున్నారు. పైగా మళ్లీ రన్ చేస్తే గ్రూపులు మారుతున్నాయి. వైవా దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. ఎవరిది రైటు?

జవాబు: గైడ్‌ది రైటే. కె-మీన్స్‌లో అసలు లెక్క, ప్రతి మండలానికీ తన గ్రూపు కేంద్రానికీ ఉన్న దూరాల వర్గాలు కలిపితే వచ్చే మొత్తాన్ని వీలైనంత తగ్గించడం. ఎన్‌పీ-హార్డ్ అంటే, ఎలాంటి డేటా ఇచ్చినా కచ్చితమైన జవాబును వేగంగా తేల్చే పద్ధతి ఇంతవరకు ఎవరికీ తెలియని లెక్క అని. మీ ల్యాప్‌టాప్ చేసింది లాయిడ్ పద్ధతి, 1957లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టి 1982లో అచ్చయింది. ఏవో మూడు కేంద్రాలు పెట్టుకోవడం, ప్రతి మండలాన్నీ దగ్గరి కేంద్రంలో కలపడం, కేంద్రాన్ని ఆ గ్రూపు సగటుకు జరపడం, ఇక ఏదీ కదలనప్పుడు ఆగిపోవడం, అంతే. ఆగిన చోటే అన్నిటికన్నా మంచి చోటని ఎవరూ హామీ ఇవ్వలేదు.

ఒక పొలం 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, నాలుగు మూలల్లో నాలుగు బోర్లు అనుకోండి, రెండు గ్రూపులు చేయాలి. పొట్టి వైపు జతలు కలిపితే దూరాల వర్గాల మొత్తం 400. అదే కేంద్రాలు పొడవు గట్ల మధ్యలో పడ్డాయా, ప్రతి బోరుకూ తన కేంద్రం 30 మీటర్లు, అవతలిది 36 మీటర్లు, కాబట్టి ఏదీ కదలదు, మొత్తం 3600 దగ్గర లాయిడ్ చేతులు కట్టుకుని కూర్చుంటుంది. మీ గ్రూపులు మారడానికి కారణం కూడా ఇదే, మొదటి కేంద్రాలు ఎక్కడ పడ్డాయన్నదే.

ఇక ఎన్‌పీ-హార్డ్ సంగతి. వైవాలో చాలామంది "పంచుకునే మార్గాలు ఎక్కువ, అందుకే కష్టం" అనేస్తారు. మార్గాలు ఎక్కువన్నది నిజమే: 63 మండలాలను రెండు గ్రూపులు చేయడానికే, సెకనుకు వంద కోట్ల మార్గాలు చూసినా సుమారు 146 ఏళ్లు పడుతుంది, మూడు గ్రూపులైతే 6 లక్షల కోట్ల ఏళ్లు. కానీ కష్టానికి అది కారణం కాదు. మండలాలను మ్యాప్ మీద చుక్కలుగా పెట్టి రెండు గ్రూపులు అడిగితే, సరైన జవాబులో ఆ రెంటినీ ఒక గీత విడదీస్తుంది, అలాంటి విభజనలు 1953కి మించవు, అన్నీ చూసేయొచ్చు! కొలతలు (ఒక్కో మండలానికి ఉండే అంకెలు) ఎన్నైనా ఉండొచ్చంటే రెండు గ్రూపులకే, గ్రూపులు ఎన్నైనా ఉండొచ్చంటే మామూలు మ్యాప్ మీదే లెక్క ఎన్‌పీ-హార్డ్ అవుతుంది. ఈ రెండింటికీ 2009లో రుజువులు అచ్చయ్యాయి. మీకు నెలకొకటి చొప్పున 12 కొలతలు, గీత చిట్కా అక్కడ బాగా బరువెక్కుతుంది.

అలాగని చేసిందంతా వృథా కాదు, ఎన్‌పీ-హార్డ్ అన్నది ఎంత చెడ్డ డేటా ఇచ్చినా సరే అనే షరతు మీద చెప్పే మాట, మన వానలకు అంత పగ ఉండదు. 2007లో వచ్చిన కె-మీన్స్ ప్లస్ ప్లస్ మొదటి కేంద్రాలను దూరదూరంగా పడేలా లాటరీ వేస్తుంది. మూడు గ్రూపులకు దానితో వచ్చే వర్గాల మొత్తం సగటున అసలు కనిష్ఠానికి 25 రెట్లు దాటదని రుజువుంది. వినడానికి నాసి గ్యారంటీలా ఉన్నా వాడకంలో అంతకంటే చాలా బాగా వస్తుంది. దానితో కొన్ని పదుల సార్లు రన్ చేసి, వర్గాల మొత్తం తక్కువ వచ్చినదాన్ని ఉంచుకోండి. రిపోర్టులో ఆ మొత్తం, ర్యాండమ్ సీడ్ (అదే లాటరీని మళ్లీ రప్పించే అంకె) రాయండి, "కనిష్ఠం" అని మాత్రం రాయకండి, "మాకు దొరికినవాటిలో తక్కువది" అనండి.