ఆయన పోయారని అమ్మమ్మ చెప్పనవసరం లేదు

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. అమ్మమ్మ, అమ్మ నలభై ఏళ్లుగా చెన్నై పెరంబూరులో ఉంటున్నారు. మా తాతగారు సైన్యంలో జవాను. 1971 డిసెంబరు యుద్ధంలో పశ్చిమ సరిహద్దులో కనిపించకుండా పోయారు. అప్పటికి అమ్మ ఎనిమిది నెలల పిల్ల. శవం దొరకలేదు. మరణ ధ్రువపత్రం లేదు. అమ్మమ్మకు పింఛను వస్తోంది. తాతగారి నాన్నగారు 1994లో, అమ్మగారు 2003లో పోయారు. ముత్తాతగారి స్వార్జితం నాలుగున్నర ఎకరాలు ఇప్పుడు తాతగారి తమ్ముడి పేర ఉన్నాయి. నిరుటి దాకా ఆయన ఏటా సంక్రాంతికి మాకు ఒక బస్తా వేరుశనగకాయలు బస్సులో వేసి పంపేవారు. పక్కనే పెద్ద రోడ్డు పడి ధర పెరిగాక అది ఆగిపోయింది. వాటా అడిగితే "అన్న పోయినట్టు కోర్టు కాగితం తెండి, పోలేదంటే ఆయన్నే వచ్చి అడగమనండి" అంటున్నారు. అమ్మమ్మేమో "ఆయన పోయారని నా నోటితో చెప్పను, ఎక్కడా సంతకం పెట్టను" అంటోంది. నల్లపూసలు ఇప్పటికీ తీయలేదు. ఆమెను బాధపెట్టకుండా దారి ఉందా? తాతగారి సంగతి తెలుసుకునే వీలు ఇంకా ఉందా? ఇంట్లో ఉన్న తంతి ఫొటో తీసి పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: మీ చిన్నతాతగారు ముందరి కాళ్లకు బంధం వేశారు. పోయారంటే కాగితం చూపాలి, బతికున్నారంటే మనిషిని చూపాలి. చాలా కుటుంబాలు ఇక్కడే ఆగిపోతాయి. కానీ ఆ రెండింట్లో దేన్నీ చూపే భారాన్ని చట్టం మీ మీద పెట్టలేదు.

ఒక మనిషి బతికి ఉంటే అతని కబురు సహజంగా ఎవరికి తెలియాలో వాళ్లకు ఏడేళ్లుగా ఏ కబురూ లేదని తేలితే, అతను బతికే ఉన్నాడని వాదించేవారే ఆ సంగతి రుజువు చేయాలి. 1872 నాటి సాక్ష్య చట్టంలో ఇది 108వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 111వ సెక్షన్. మీ ఇంట్లో ఏడేళ్లు 1978 చివరికే నిండాయి. కాబట్టి ఇప్పుడు "ఆయన్నే వచ్చి అడగమనండి" అన్న పెద్దమనిషే కోర్టులో తన అన్న బతికి ఉన్నాడని చూపాలి. చూపగలిగితే అంతకంటే కావలసిందేముంది, మీ అమ్మమ్మగారే అందరికంటే ముందు సంతోషిస్తారు.

చాలామంది వకీళ్లు కూడా ఒక పొరపాటు సలహా ఇస్తారు. ముందు "మరణించినట్టు ప్రకటించండి" అని ఒక దావా, అది తేలాక మరణ ధ్రువపత్రం, ఆ తర్వాత భాగపరిష్కారం (ఆస్తి పంపకం) దావా అని మూడు మెట్లు చెబుతారు. మొదటి మెట్టు మీదే పదేళ్లు గడుస్తాయి. నిజానికి, ఏడేళ్లు కబురు లేకపోతే మనిషి లేడనుకునే ఈ ఊహ ఏ దావాలో ప్రశ్న వస్తే ఆ దావాలోనే పనిచేస్తుంది. మీ అమ్మగారు భాగపరిష్కారానికి దావా వేసి, అందులో ఒక పేరాలో "1971 డిసెంబరు నుంచి మా నాన్నగారి కబురు మాకెవరికీ లేదు" అని రాస్తే చాలు. ఆ వాక్యంలో మరణం అన్న మాటే లేదు, గమనించారా? కబురు లేదనడం నిజం. పోయారనడం ఊహ. ఊహించే పని కోర్టుది.

అమ్మమ్మగారు దావా వేయకపోయినా ఫరవాలేదు. వాటాదారు కాబట్టి ఆమెను ప్రతివాదిగా చేరుస్తారు. అది పగతో చేసేది కాదు, పద్ధతి, ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. ఆమె సాక్ష్యం తప్పనిసరి అనిపిస్తే, వయసు దృష్ట్యా కోర్టు కమిషనర్‌ను ఇంటికే పంపమని అడగవచ్చు. అప్పుడు కూడా అడిగేది "కబురు వచ్చిందా?" అన్నంతవరకే. నల్లపూసల గురించి ఏ సెక్షనూ ఏమీ అనదు. మన శాస్త్రంలో పన్నెండేళ్లు చూసి, ఆకులతో, దర్భలతో బొమ్మ చేసి దహనం చేయించే విధి ఉంది. అది చేయించారా లేదా అని ఎదుటి వకీలు అడిగితే అడగనీయండి, మీ హక్కుకు దానితో సంబంధం లేదు.

ఇక వాటా లెక్క. ఏడేళ్ల ఊహ మనిషి లేడని చెబుతుంది గాని ఏ రోజున పోయాడో చెప్పదు. ఎల్‌ఐసీకి, అనురాధ అనే ఆమెకు మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2004లో ఈ సంగతి స్పష్టం చేసింది. తేదీ మీద ఆధారపడే హక్కు ఉంటే ఆ తేదీని అడిగేవారే రుజువు చేసుకోవాలి. మీ విషయంలో తేదీ వల్ల ఎంత తేడా వస్తుందో చూద్దాం. ముత్తాతగారికి వీలునామా లేదని, ఆడపిల్లలు లేరని అనుకుని చెబుతున్నాను.

తాతగారు 1971లోనే పోయారని తేలితే, 1994లో ముత్తాతగారి ఆస్తి మూడు భాగాలు: ఆయన భార్యకు ఒకటి, చిన్నతాతగారికి ఒకటి, మీ తాతగారి శాఖకు ఒకటి. ఆ శాఖ భాగాన్ని అమ్మమ్మ, అమ్మ చెరి సగం పంచుకుంటారు. 2003లో ముత్తవ్వగారు పోయినప్పుడు ఆమె భాగంలో సగం చిన్నతాతగారికి, సగం మీ అమ్మగారికి. (అందులో కోడలికి వాటా రాదు. అన్యాయమే అనిపిస్తుంది గాని హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ అలా ఉంది.) మొత్తం మీద అమ్మమ్మకు 75 సెంట్లు, అమ్మకు ఎకరంన్నర, కలిపి రెండెకరాల పాతిక సెంట్లు. అంటే సరిగ్గా సగం.

తాతగారు 1994 తర్వాత, 2003లోపు పోయారని ఎదుటివాళ్లు వాదించారనుకోండి. అప్పుడు ఆయనకు వచ్చిన మూడో వంతులో తల్లికి కూడా వాటా ఉంటుంది, ఆ వాటాలో సగం చిన్నతాతగారికి తిరిగి చేరుతుంది. ఆ లెక్కన మీవాళ్లకు కలిపి రెండెకరాలు. ఇన్ని మాటలూ అయ్యాక తేలే తేడా పాతిక సెంట్లు. అసలు వాటాయే లేదనే లెక్క మాత్రం ఏ తేదీ పెట్టినా రాదు. ఆ పాతిక సెంట్లకు కూడా సైన్యం అప్పట్లో పంపిన కాగితం మంచి సాక్ష్యం. భూమి పిత్రార్జితమైతే లెక్క మారుతుంది, ముత్తాతగారి కొనుగోలు దస్తావేజు నకలు తీయించండి.

పట్టాదారు పాసుపుస్తకంలో పేరున్నంత మాత్రాన భూమి ఆయనది అయిపోదు. సహవాటాదారు సాగు చేసుకుంటున్నా అది అందరి తరఫునే అని చట్టం చూస్తుంది. "మీకు వాటా లేదు" అని తెగేసి చెప్పిన రోజు నుంచి మాత్రం పన్నెండేళ్ల గడువు మొదలవుతుంది. అందుకే ఆ వేరుశనగ బస్తా నాకు నచ్చింది. ఏటా పంట పంపారంటే మీ హక్కును ఆయన ఒప్పుకున్నట్టే కదా. బస్సు రసీదులు, వాట్సాప్ సందేశాలు ఉంటే దాచండి. బస్తా మోసుకొచ్చిన మనిషి ఉంటే మరీ మంచిది. "అభ్యంతరం లేదు" అనే కాగితం ఏది వచ్చినా సంతకం పెట్టకండి, వేలిముద్ర కూడా.

భూమి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది కాబట్టి దావా అక్కడి కోర్టులోనే. చెన్నై కోర్టులకు ఆ అధికారం లేదు. దావాకు కోర్టులో నంబరు పడ్డాక చిన్నతాతగారు భూమి అమ్మినా కొన్నవాళ్లు తీర్పుకు కట్టుబడాలి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది, కోర్టు ఫీజు కూడా వాళ్లే చూసుకుంటారు. మొహమాటపడకుండా అక్కడి న్యాయసేవా సంస్థలో అర్జీ ఇవ్వండి.

మీరు అడగనిది ఒకటి చెబుతాను. అమ్మమ్మగారి పింఛను పుస్తకం తీసి, అది ఏ రకం కుటుంబ పింఛనో చూడండి. మామూలు రకం చివరి జీతంలో 30 శాతం, స్పెషల్ అయితే 60 శాతం, యుద్ధంలో పోయినవారి కుటుంబాలకిచ్చే లిబరలైజ్డ్ రకం నూటికి నూరు. తక్కువ రకం ఇస్తున్నట్టు తేలితే తాతగారి రెజిమెంటు రికార్డ్ ఆఫీసుకు అర్జీ పెట్టండి. వాళ్లు కాదంటే ఆరు నెలల్లోపు సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. అమ్మమ్మగారు చెన్నైలోనే ఉంటున్నారు కాబట్టి చెన్నై బెంచ్ సరిపోతుంది. పింఛను తక్కువగా రావడం నెలనెలా జరిగే నష్టం గనుక ఆలస్యమైందని తలుపు మూయరు గాని, బకాయిలు సాధారణంగా మూడేళ్లకు మించి ఇవ్వరు. ఇందులో కూడా ఆమె కొత్తగా "పోయారు" అని రాయవలసింది లేదు. ఆ మాట ప్రభుత్వం ఏనాడో రాసేసుకుంది.

తాతగారి సంగతి. ఇక్కడ నేను ఆశ పెట్టను, ఆశ తుంచను. సిమ్లా ఒప్పందం తర్వాత మన దగ్గరున్న సుమారు 93,000 మంది పాకిస్తాన్ ఖైదీలు ఇళ్లకు వెళ్లారు. మనవాళ్లలో 1965, 1971 యుద్ధాల తర్వాత తిరిగిరాని 54 మంది పేర్ల మీద మాత్రం ఇంకా వివాదమే. 2007లో 14 మంది బంధువులను పాకిస్తాన్ జైళ్లకు తీసుకెళ్లి చూపించారు. ఎవరూ దొరకలేదు. తమ దగ్గర ఎవరూ లేరని పాకిస్తాన్ అంటూ వచ్చింది.

మీరు చేయగలిగినవి రెండు. ఒకటి, సమాచార హక్కు చట్టం కింద ఆయన రెజిమెంటు రికార్డ్ ఆఫీసును అడగండి: ఆచూకీ లేదని మొదట పంపిన నివేదిక, ఆ తర్వాత విచారణ జరిగి ఉంటే దాని కాగితాలు, మరణించినట్టు భావించిన ఉత్తర్వు. ఇరవై ఏళ్లు దాటిన సంగతులను దేశ భద్రత వంటి కొన్ని కారణాలు తప్ప దాచడానికి ఆ చట్టం 8(3) సెక్షన్ ఒప్పుకోదు. ఈ కాగితాలే మీ దావాకూ పనికొస్తాయి. రెండు, ఢిల్లీలోని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కార్యాలయానికి రాయండి. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం యుద్ధఖైదీ శిబిరానికి చేరిన వారంలోపు ఒక కార్డు నింపి ఇంటికీ జెనీవాకూ పంపే హక్కు ఉంది. ఆయన పేర అలాంటి కార్డు వచ్చి ఉంటే దాని ఆనవాలు అక్కడి దస్త్రాల్లో ఉండే అవకాశం ఉంది. సైనిక నంబరు తప్పు లేకుండా రాయండి. ఆ నంబరుతోనే, ఢిల్లీలో 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకం త్యాగచక్రంలో ఆయన పేరు చెక్కారా అని కూడా రికార్డ్ ఆఫీసునే అడగండి.

శ్రీలంకలో 2016 నుంచి ఇలాంటి కుటుంబాలకు మరణ ధ్రువపత్రం బదులు "ఆచూకీ లేమి" ధ్రువపత్రం ఇస్తున్నారు. మనిషి పోయాడని ఒప్పుకోకుండానే బ్యాంకు పని, ఆస్తి పని చూసుకోవచ్చు. మన దేశంలో అలాంటిది లేదు. ఉంటే మీ అమ్మమ్మగారు యాభై ఏళ్లుగా సంతకం పెట్టడానికి భయపడవలసి వచ్చేది కాదు.

మీరు పంపిన తంతి ఫొటో చూశాను. "ఆచూకీ లేదు, మరణించినట్టు నమ్ముతున్నాము" అన్న ఇంగ్లీషు మాటల్లో నమ్మకం దగ్గరే మడత పడి అక్షరాలు అరిగాయి. దానికి లామినేషన్ చేయించకండి, వెనుక వైపు తపాలా ముద్ర ఉంటే కోర్టు దాన్ని చూడాలి. అతుక్కున్న మడతలను విప్పదీయవద్దు. మామూలు కాగితపు కవరులో పెట్టి ఉంచండి. మీ వకీలుకు నకలే ఇవ్వండి, అసలు కాగితం కోర్టు అడిగిన రోజున అమ్మగారే చేత్తో తీసుకెళ్లాలి.