సీ6 గాయం తర్వాత కారు నడపాలంటే: ఆ క్లచ్ లివర్ వద్దు

అన్నా, మీ తమ్ముడిది సీ6 గాయం (మెడలో ఆరో స్థాయిలో వెన్నుపాము దెబ్బతినడం), మణికట్టు పైకి లేస్తుంది కానీ వేళ్లలో పట్టు లేదన్నారు. మెకానిక్ బైక్ క్లచ్ లాంటి లివర్ బిగిస్తానన్నాడని రాశారు. అది వద్దు. కాళ్లు మాత్రమే పనిచేయనివాళ్లకు అది సరిపోతుంది. నొక్కడానికి వేళ్లు కావాలి కదా!

ముందుకు తోస్తే బ్రేక్, వెనక్కి లాగితే యాక్సిలరేటర్ పడే లివర్ అడగండి. దాని పిడి స్థానంలో మూడు పిన్నుల పట్టు ఉండాలి. రెండు పిన్నులు మణికట్టుకు అటూ ఇటూ, మూడోది అరచేతిలో. చేయి దూర్చితే చాలు, జారదు. స్టీరింగ్‌కీ అలాంటిదే ఒకటి. కారు ఆటోమేటిక్, పవర్ స్టీరింగ్‌ది కావాలి.

అసలు చిక్కు బ్రేక్ దగ్గర. సీ6లో మోచేతిని చాచే ట్రైసెప్స్‌కి బలం ఉండదు, గట్టిగా తోస్తే మోచేయి ముడుచుకుపోవచ్చు. అందుకే ఏదీ కొనకముందే ఆగి ఉన్న కారులో పూర్తి బ్రేక్ పదిసార్లు వేయించి చూడండి. ఐదోసారికే అలసిపోతే రోడ్డెక్కొద్దు, తక్కువ బలంతో పడే బ్రేక్ అమరిక ఉంటేనే ముందుకెళ్లండి. ఈ పరీక్ష ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా శిక్షణ ఇచ్చే నిపుణులు) ముందు జరిగితే మంచిది.

ఛాతీకి అడ్డంగా అదనపు బెల్టు మర్చిపోకండి, లేకపోతే మలుపులో మనిషి పక్కకు ఒరిగిపోతాడు. గాయమైన చోటికి కింది శరీరంలో చెమట సరిగా పట్టదు, మన ఎండల్లో ఏసీ లేకుండా కుదరదు.

మార్పులు ఆర్‌టీఓలో ఆర్‌సీ మీద ఎక్కించాలి, లైసెన్స్ అడాప్టెడ్ వెహికల్‌కి (వైకల్యానికి తగ్గట్టు మార్చిన బండికి) తీసుకోవాలి. ఇన్సూరెన్స్ వాళ్లకూ రాతపూర్వకంగా చెప్పండి.