గింజల్లో గోలీలు, గాలిలో మందు

ప్రశ్న: మా ముందు గదిలో పది బస్తాల కందులు, నాలుగు బస్తాల పెసలు ఉన్నాయి. పెసలకు ఇప్పటికే పురుగు పట్టింది. మందుల షాపులో ఒక గొట్టంలో గోలీలు ఇచ్చి, బస్తాల మధ్య పెట్టి తలుపు వేసేయండి, వారం దాకా తీయొద్దు, మీరు వెనక గదిలో పడుకోవచ్చు అన్నారు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. అందరూ వేస్తున్నారుగా అంటుంది మా అత్తమ్మ. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. వేయమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: వద్దమ్మా, వేయకండి. మనుషులు పడుకునే కప్పు కింద ఆ గోలీలు పెట్టకూడదు, ఇంట్లో ఎన్ని గదులున్నా సరే. మీ భయం సరైనదే. మీ అత్తమ్మగారికి కూడా ఈ జవాబు చదివి వినిపించండి.

అవి అల్యూమినియం ఫాస్ఫైడ్ గోలీలు. గాలిలో తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతాయి. 3 గ్రాముల గోలీ నుంచి 1 గ్రాము వాయువు వస్తుంది. వినడానికి ఎంతో కాదనిపిస్తుంది కానీ లెక్క వేసి చూడండి: పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలో ఒక్క గోలీ వాయువంతా పరుచుకుంటే గాలిలో సుమారు 25 పీపీఎం అవుతుంది, అంటే పది లక్షల పాళ్లలో 25 పాళ్లు. ఈ వాయువు దగ్గర పనిచేసే కార్మికులకు రోజుకు 8 గంటల లెక్కన చాలాకాలంగా పాటిస్తున్న హద్దు 0.3 పీపీఎం. 50 పీపీఎం అయితే ప్రాణానికి వెంటనే ముప్పు. గోదాముల్లో టన్ను గింజలకు రెండు మూడు గోలీలు వాడతారు. మీ పద్నాలుగు బస్తాలకు గొట్టంలో ఎన్ని ఇచ్చారో చూసుకోండి.

తలుపు వేస్తే ఆగుతుందా అంటే ఆగదు. తలుపు కింది సందు, కరెంటు వైర్ల పైపులు, పెంకుల సందులు, గోడ పగుళ్లు, ఎక్కడ దారి ఉంటే అక్కడి నుంచి వెనక గదికే కాదు, గోడ కలిసి ఉన్న పక్కింటికి కూడా పోతుంది. వాసన వస్తే బయటికి వెళ్లిపోదాంలే అనుకోవడం ఇంకా ప్రమాదం. వెల్లుల్లి వాసన, కుళ్లిన చేపల వాసన అంటారే, అది ఎక్కువగా గోలీలోని మలినాల వల్ల వచ్చేది. గింజలు ఆ వాసనను పీల్చేసుకున్నాక కూడా గదిలో వాయువు ఉండవచ్చు. దీనికి విరుగుడు మందు లేదు. డాక్టర్లు గుండెను, ఊపిరితిత్తులను కాపాడుకుంటూ రావడమే. 2024 నవంబరులో చెన్నై శివారు కుండ్రత్తూరులో ఎలుకల మందు పెట్టించిన ఇంట్లో ఏసీ వేసుకుని నిద్రపోయిన కుటుంబంలో ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు, తల్లిదండ్రులు ఆస్పత్రి పాలయ్యారు. వాళ్లలో ఎవరూ ఆ మందు తినలేదు.

ఇంకో మాట. మీకు ఆ గొట్టం అమ్మడమే తప్పు. 3 గ్రాముల గోలీలు పది, ఇరవై ఉండే గొట్టాల తయారీని, అమ్మకాన్ని, వాడకాన్ని కేంద్రం 2001లోనే పూర్తిగా నిషేధించింది. మిగతా ప్యాకింగుల్లో కూడా ఈ మందు ప్రభుత్వ సంస్థలు, అనుమతి ఉన్న పురుగు నివారణ సిబ్బంది నిపుణుల పర్యవేక్షణలో వాడాల్సింది. గొట్టం మూత తీయకుండా మీ మండల వ్యవసాయ అధికారికి చూపించండి. ఈలోపు ఇంట్లో పెట్టొద్దు, పిల్లలకు, పశువులకు అందని చోట, తడి తగలకుండా బయటే ఉంచండి. పొరపాటున కూడా నీళ్లలో వేయకండి, ఒక్కసారిగా వాయువు వచ్చి మంట అంటుకోవచ్చు. ఇది చదివే సరికే ఎవరైనా ఇంట్లో పెట్టేసి ఉంటే, గోలీలు ఏరడానికి లోపలికి వెళ్లకండి. అందరూ బయటికి వచ్చేయండి, పక్కింటివాళ్లను కూడా లేపండి, బయటి నుంచి తీయగలిగిన తలుపులు తీసిపెట్టి ఫైర్ వాళ్లకు 101కు ఫోన్ చేయండి.

మరి పెసలేం చేయాలి? ముందుగా పురుగు పట్టిన పెసల్ని కందుల నుంచి వేరే చోటికి మార్చండి. టార్పాలిన్ పరిచి మంచి ఎండలో పలుచగా ఆరబోయండి, పంటి కింద పెడితే కటుక్కుమని విరగాలి, తేమ 9-10 శాతానికి దిగాలి. చెరిగి, గాలి చొరని పొరల సంచుల్లో నింపి మూతి మెలితిప్పి గట్టిగా కట్టేయండి. లోపలున్న గాలిలో ప్రాణవాయువు అయిపోయి పురుగు అదే చస్తుంది, గింజ లోపల దాగిన పిల్లపురుగుతో సహా. మధ్యలో పెసలు కావాలని సంచి మూతి విప్పితే అంతా వృథా, అందుకే వంటకు ఒక చిన్న సంచి విడిగా పెట్టుకోండి. కందుల్లో ఇంటి వాడకానికి ఉంచుకునేవి తొందరగా పప్పు పట్టించేయండి. ఈ పురుగు గుడ్లు పెట్టేది ముఖ్యంగా పూర్తి గింజ మీదే, బద్ద చేసిన పప్పు జోలికి పెద్దగా రాదు. ధర కోసం ఆగాలనుకుంటే గోదాముకు చేర్చండి. అక్కడ బస్తాల మీద గాలి పోని పట్టా కప్పి, అంచులకు ఇసుక సంచులు పేర్చి వాయువు పెడతారు. తర్వాత గాలి ఆడనిచ్చి, మీటరుతో చూశాకే మనిషిని లోపలికి పంపాలి. అద్దె అవుతుంది, నిజమే. అయినా అక్కడికే పంపమంటాను.

ప్రశ్న: మా ఇంటిని ఆనుకుని మిరప చేను. వాళ్లు తైవాన్ పంపుతో, ఇప్పుడు డ్రోన్‌తో కూడా తెల్లవారుజామున మందు కొడుతున్నారు. గాలి లేనప్పుడే కొడుతున్నాం, మీకేం రాదు అంటారు. కానీ కళ్లు మండుతున్నాయి, గేదెల కుడితి తొట్టి మీద వాసన. ఎవరిది తప్పు?
– ఒక రైతు, పల్నాడు జిల్లా

జవాబు: వాళ్లు మంచి ఉద్దేశంతోనే చేస్తున్నట్టున్నారు అన్నా, కానీ ఆ వేళే సరైనది కాదు. చలికాలం తెల్లవారుజామున నేల దగ్గర చల్లగాలి, దాని మీద వెచ్చని గాలి ఉంటుంది. పొయ్యి పొగ పైకి లేవకుండా ఊరి మీద పరుచుకుని ఉండటం చూస్తుంటారు కదా. సన్నటి మందు తుంపర కూడా అలాగే తేలుతూ, కాస్త కదలిక ఉన్న వైపు ఎంత దూరమైనా పోతుంది. మంచు విడిపోయి ఆకులు సన్నగా కదిలే గాలి, అదీ మీ ఇంటి నుంచి అవతలికి వీచేటప్పుడు కొట్టాలి. తైవాన్ పంపు ప్రెషర్ పూర్తిగా పెంచితే తుంపర పొగలా మారుతుంది, కాస్త తగ్గించి పెద్ద చుక్క పడే నాజిల్ పెట్టుకోవాలి.

డ్రోన్ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. చేతి పంపుతో ఎకరానికి 150-200 లీటర్ల నీళ్లు పోసే చోట డ్రోన్ సుమారు 10 లీటర్లతో ముగిస్తుంది. అందువల్ల ఒక్కో చుక్కలో మందు చాలా చిక్కగా ఉంటుంది. డ్రోన్ పిచికారీకి కేంద్రం 2021 డిసెంబరులో నిబంధనలు పెట్టింది, చుట్టుపక్కలవాళ్లకు ముందుగా తెలియజేయడం అందులో ఉంది. గొడవ పడకుండా ఇదే అడగండి: ముందు రోజు సాయంత్రం ఒక ఫోన్, మీ ఇంటి వైపు కొన్ని సాళ్లు చేతి పంపుతో కొట్టడం. మీరు ఆ పూట గేదెల్ని మార్చి, తొట్టి బోర్లించి, బట్టలు లోపలికి తీసుకోండి. ఇది మనుషుల గురించే కాదు. పక్క చేలో కొట్టిన 2,4-డి కలుపు మందు గాలికి వచ్చి పత్తి ఆకులు బెండ ఆకుల్లా చీలి ముడుచుకుపోవడం చాలామంది పత్తి రైతులకు తెలిసిన నష్టమే.

ప్రశ్న: పత్తికి మందు కొట్టే కూలి పనికి పోతాను. మూతికి తువ్వాలు కడతాను. సరిపోతుందా సార్?
– ఒక పాఠకుడు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: సరిపోదు తమ్ముడూ. తువ్వాలు తడిస్తే మందును నీ ముక్కు దగ్గరే పట్టి ఉంచుతుంది. నీ జిల్లా పక్కనే ఉన్న యవత్‌మాల్‌లో 2017లో పత్తికి మందు కొట్టినవాళ్లు 20 మందికి పైగా చనిపోయారు. ఆ ఏడు చేను మనిషి ఎత్తు పెరిగింది, మందులు కలిపి కొట్టారు, తుంపర మొహం మీదే పడింది. పురుగుమందుల ఆవిరిని ఆపే ఫిల్టరున్న మాస్కు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా, రబ్బరు చేతి తొడుగులు అడుగు. పని ఇచ్చేవాళ్లే కొనివ్వాలి, అడగడానికి మొహమాటపడకు. గాలికి ఎదురు నడవకు, కొట్టిన సాలులోకి మళ్లీ దూరకు, చేను తలదాటి ఉంటే ఆ పని ఒప్పుకోకు. డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంటే అది అన్నిటికంటే తీవ్రమైన విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఇంటికి రాగానే పిల్లల్ని ఎత్తుకోకముందే సబ్బుతో స్నానం, ఆ బట్టలు విడిగా ఉతకాలి.

చెమటలు, నోట్లో నీళ్లు ఊరడం, చూపు మసకబారడం, ఛాతీ బిగుసుకోవడం, వీటిలో ఏది మొదలైనా ఎండదెబ్బ అనుకుని నీడలో కూర్చోవద్దు. బట్టలు విప్పి ఒళ్లు కడుక్కుని 108కి ఫోన్ చెయ్. కొన్ని మందులకు అట్రోపిన్ లాంటి విరుగుడు ఉంది, కొన్నిటికి లేదు, డాక్టరుకు ఏ మందో తెలియాలి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం 1800 116 117కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. రెండు మూడు మందులు కలిపి కొట్టి ఉంటే అన్ని డబ్బాలూ ఆస్పత్రికి పట్టుకెళ్లాలి, అందుకే పని మొదలుపెట్టే ముందే లేబుళ్లన్నీ ఫోన్లో ఫొటో తీసుకుని ఉంచుకో.