లెక్క కాదు, ఊపిరి చూసుకో

చిట్టితల్లికి అత్తయ్య ఆశీస్సులు.

"నాన్నకి బైపాస్ అయింది కదా, మృత్యుంజయ మంత్రం రోజుకి నూటెనిమిదా, వెయ్యెనిమిదా?" అని వాట్సాప్‌లో అడిగావు. ఇంత సంగతి ఫోన్‌లో కొట్టడం నా వేళ్ల వల్ల కాదు. కాగితం మీద రాసి ఫోటో పంపుతున్నాను.

మీ మావయ్యకి ఆ ఆపరేషనే అయినప్పుడు రోజుకి వెయ్యెనిమిది అని మొక్కుకున్నాను. చెన్నై మాంబళం ఇంట్లో తెల్లవారుజామున నాలుగింటికే పీట వేసుకునేదాన్ని. మూడో రోజుకి గొంతు బొంగురుపోయింది, మాటలు ఒకదాన్నొకటి మింగేస్తున్నాయి. ఇంకో వంద ఉందని లేవకుండా కూర్చుని, ఆయన ఎనిమిదింటి మాత్ర తొమ్మిదిన్నరకి ఇచ్చాను. "అయిందా నీ లెక్క?" అన్నారు, అంతే. తిట్టినా బాగుండేది. అందుకే నీకు పదకొండు చాలు. ముందు మాత్రల డబ్బా, తర్వాత పీట.

పాణినీయ శిక్ష అని ఉచ్చారణ నేర్పే పాత సంస్కృత పుస్తకం ఉంది, అందులో చెడ్డగా చదివేవాళ్లు ఆరుగురని ఉంది. రాగాలు తీసేవాడు, తొందరపడేవాడు, తల ఊపేవాడు, రాసింది చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు పెగలనివాడు. అప్పట్లో నాలో కనీసం నలుగురు ఉండేవాళ్లు. అందులోనే ఇంకో మాట నాకు చాలా ఇష్టం: ఆడపులి పిల్లని నోట కరుచుకుని వెళ్లేటప్పుడు జారిపోకూడదు, పంటిగాటూ పడకూడదు. అక్షరాన్ని అలా పట్టుకోవాలట.

నువ్వు అర్థం అడగలేదు, అయినా చెబుతాను. మృత్యుంజయ మంత్రం ఋగ్వేదం ఏడో మండలంలో 59వ సూక్తం చివరి మంత్రం. అందులో ఉర్వారుకం అంటే దోసపండు. పండిన దోసపండు తొడిమ నుంచి తనంతట తాను ఊడివస్తుందే, అలా మృత్యువు నుంచి విడిపించమని అడుగుతున్నాం. లాగి తెంపమని కాదు. చివర 'మామృతాత్' ఉంది కదా, అందులో 'మా' అంటే వద్దు అని. మృత్యువు నుంచి విడిపించు, అమృతం నుంచి మాత్రం వద్దు. ఇది తెలిశాక ఆ చోట పరుగెత్తాలంటే నాకు నోరు రాలేదు.

'పుష్టివర్ధనం' దాకా ఒక ఊపిరి, మిగతాది ఇంకో ఊపిరి. మధ్యలో హాయిగా గాలి పీల్చుకో. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీ వాళ్లు ఒక పరిశోధన రాశారు. క్రైస్తవుల జపమాల ప్రార్థన చదివినా, మంత్రం చదివినా ఊపిరి నిమిషానికి ఆరుసార్ల దగ్గరికి నెమ్మదించిందట. గుండెజబ్బు నయమైందని మాత్రం అందులో లేదు. పక్కన కూర్చున్న నీ టెన్షన్ కాస్త తగ్గినా మీ నాన్నకి అదో సాయమే.

వేదమంత్రానికి స్వరం ఉంటుంది, అంటే ఏ అక్షరం ఎత్తాలో ఏది దించాలో అని, పెద్దల దగ్గర విని పట్టుకోవాలి. ఆడవాళ్లు చదవకూడదని అడ్డం పడేవాళ్లూ ఉన్నారు, వాళ్లతో వాదించే ఓపిక నాకు పోయింది. నీకు అదో గుబులైతే భీష్ముడు ధర్మరాజుకి చెప్పిన విష్ణు సహస్రనామం చదువు. దానికి స్వరాల పట్టింపు లేదు. మీ నాన్నని మాత్రం గొంతెత్తి చదవమనకు. ఛాతీ కుట్లు ఆరేదాకా పెదాలు కదిపితే చాలు, మనసులో అనుకున్నా చాలు. మానసిక జపమే అన్నిటికన్నా గొప్పదని మనువే అన్నాడు.

మీ పై ఫ్లాట్ ఆవిడ మండలం రోజులు జపం చేస్తే మాత్రలు అక్కర్లేదందని రాశావు. ఆవిడకి కాఫీ ఇచ్చి పంపు, మాట మాత్రం వినకు. నువ్వుండేది తిరువాన్మియూరు. మరుందీశ్వరుడి గుడి అక్కడే కదా. తమిళంలో మరుందు అంటే మందు. అగస్త్యుడికి శివుడు మూలికల గుట్టు చెప్పింది అక్కడేనని స్థలపురాణం. ఆ దేవుడి ఊళ్లో ఉంటూ మందు మానేయడమేమిటి?

మైలాపూరు వెళ్లినప్పుడు తెలుగు లిపిలో ఉన్న పుస్తకం ఒకటి కొంటాను. మీ పక్కింటివాళ్ల తమిళ పుస్తకంలో క, ఖ, గ, ఘ తేడా తెలియడానికి అక్షరాల పక్కన చిన్న అంకెలు వేస్తారు, నీకు తికమక. శనివారం పొద్దున వస్తాను. నువ్వు చదువు, నేను వింటాను. ఈలోగా ఏ మాత్ర ఏ వేళకో పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించు.

నీ మేనత్త